యాంకర్ కుర్చీలో కూర్చోబోయే మా అల్లుడికి

హనుమకొండ,
ఆదివారం రాత్రి

అల్లుడా,

నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశానో లేదో, అక్క చేసింది. "వాడు టీవీలోకి పోతానంటున్నాడు తమ్ముడూ, నువ్వన్నా జర చెప్పు" అంది. పొమ్మని చెప్పాలో వద్దని చెప్పాలో మాత్రం చెప్పలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు ఊఁ కొడుతూనే ఇంకేదో చూసుకుంటావు, ఆ సంగతి నాకు తెలుసు.

పో. అదీ నా మాట. మోకాలి లిగమెంట్‌కు ఆపరేషన్ అయింది, ఇరవై ఏడేళ్లు వచ్చాయి. సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ క్యాంపుకు మళ్లీ పిలుస్తారని ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చునే కన్నా ఆ స్క్రీన్ టెస్ట్‌కు పోవడమే మంచిది. కానీ నువ్వు ఒక మాటన్నావు చూడు, "పదిహేనేళ్లు ఆడినవాణ్ణి మామా, దాని గురించి మాట్లాడటం ఎంతసేపు" అని. నాకు భయమేసింది అక్కడే.

ఎందుకంటే నేనూ సరిగ్గా అదే అనుకున్నాను. కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో ఆడాను, పిల్లలకు నేర్పాను, టోర్నమెంట్లలో మైక్ పట్టుకున్నాను. కేబుల్ టీవీ వాళ్లు వారానికి అరగంట స్పోర్ట్స్ ప్రోగ్రాం చెయ్యమంటే మారు ఆలోచించలేదు. మొదటి లైవ్‌కు ఒక పాత గోల్‌కీపర్‌ను పిలిచాను. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను ప్రశ్న అడగడం, ఆయన నోరు తెరిచేలోపు జవాబు కూడా నేనే చెప్పడం. అరగంటలో ఆయన మాట్లాడింది ఐదు నిమిషాలు ఉంటే ఎక్కువ. బాగా దంచేశానని ఇంటికొస్తే మీ అత్త అన్నం వడ్డిస్తూ అడిగింది: "ఆయన్ని ఎందుకు పిలిచారు? పక్క కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదనా?"

ఆ ముద్ద గొంతు దిగలేదు. ఇప్పటికీ ఆ పెద్దాయన చౌరస్తాలో కనబడితే తల వంచుకుంటాను.

నువ్వు స్ట్రైకర్‌వి. పద్నాలుగో ఏట నుంచి నీకు నేర్పింది ఒక్కటే, బాల్ దొరికితే గోల్ వైపు చూడమని. యాంకర్ కుర్చీలో పని దానికి సరిగ్గా ఉల్టా. బాల్ నీ దగ్గరికే వస్తుంది, గోల్ మాత్రం పక్కవాడితో కొట్టించాలి. మన జనగామ వైపు ఒగ్గు కథ చిన్నప్పుడు చూశావు కదా. చుక్క సత్తయ్య లాంటి మహానుభావుడు కథ నడుపుతుంటే అందరూ ఆయన్నే చూస్తారు. పక్కన వంత పాడేవాళ్లు లేకపోతే ఆ కథ అడుగు ముందుకు పడదు. ఎక్కడ "ఆఁ, తర్వాత?" అనాలో, ఎక్కడ డోలు ఆపాలో వాళ్లకు తెలుసు. టీవీ యాంకర్ ఆ వంతవాడు. కథకుణ్ణి నేనే అనుకున్న రోజు ప్రోగ్రాం చెడిపోతుంది.

ఆటగాడు యాంకర్ కాలేడా అని నువ్వు ఇంగ్లండ్ స్ట్రైకర్ గ్యారీ లినేకర్ పేరు చెప్పావు కాబట్టి ఆయన గురించే మాట్లాడతాను. ఆయన్ని నేను ఆటగాడిగా చూశాను, మీ తరం యాంకర్‌గానే చూసింది. లెస్టర్ మార్కెట్లో వాళ్లింటివాళ్లకు పండ్లు, కూరగాయల దుకాణం. మన లక్ష్మీపురం మార్కెట్లో కొట్టు ఉన్న ఇంటి పిల్లవాడు అనుకో. 1986 మెక్సికో వరల్డ్ కప్‌లో ఆరు గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. అక్కడి నుంచి బార్సిలోనా పోయాడు, స్పానిష్ నేర్చుకున్నాడు. ఇంగ్లండ్‌కు 80 మ్యాచ్‌లలో 48 గోల్స్. ఇంకొక్కటి కొడితే బాబీ చార్ల్‌టన్ రికార్డు సమం అయ్యేది. 1992లో బ్రెజిల్ మీద పెనాల్టీ దొరికితే సొగసుగా చిప్ చెయ్యబోయి, అంటే బాల్‌ను మెల్లగా పైకి లేపబోయి, గోల్‌కీపర్ చేతిలో పెట్టాడు. ఆట జీవితం మొత్తంలో ఒక్క ఎల్లో కార్డు కూడా లేదు. నీకెన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టను.

ఇవన్నీ నీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది 1990 సంగతి. ట్యూరిన్‌లో జర్మనీతో సెమీఫైనల్. 80వ నిమిషంలో లినేకరే గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో తోటి ఆటగాడు పాల్ గాస్కోయిన్‌కు ఆ టోర్నమెంటులో రెండో ఎల్లో కార్డు పడింది. గెలిచినా ఫైనల్ ఆడలేడు. కుర్రవాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గ్రౌండ్‌లో అంత టెన్షన్‌లో, తాను గోల్ కొట్టిన మ్యాచ్‌లో, లినేకర్ చూసింది ఆ కుర్రవాడి మొహం. బెంచ్ మీదున్న కోచ్ బాబీ రాబ్సన్ వైపు తిరిగి, వాణ్ణొకసారి చూసుకో అని సైగ చేశాడు. అది కెమెరాకు దొరికింది. నువ్వు కూడా వెతికి చూడు, రెండు సెకన్లే. తర్వాత ఆయన యాంకర్ అవుతాడని నాకు అప్పుడేం తెలుసు. ఇప్పుడు చూస్తే మాత్రం ఆ పని అక్కడే మొదలైందనిపిస్తుంది. పక్కవాడికి ఏమవుతోందో చూడటం, ఎవరు మాట్లాడాలో వాళ్లకు అందించడం.

ఆ మ్యాచ్ పెనాల్టీల్లో ఓడిపోయారు. ఫుట్‌బాల్ చాలా సింపుల్ ఆట, 22 మంది 90 నిమిషాలు బాల్ వెంట పరుగెత్తుతారు, చివరికి జర్మన్లు గెలుస్తారు అని ఆయన అన్న మాట అప్పటిదే. ఓటమి మీద అంత చిన్న మాట చెప్పగలిగాడు. మనవాళ్లయితే రెఫరీ, ఎండ, గడ్డి, అన్నీ చెప్పేవాళ్లు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఇంకో సంగతి. 1994లో జపాన్‌లో నగోయా క్లబ్‌తో ఆట ముగించాడు. బీబీసీ పెద్ద ప్రోగ్రాం 'మ్యాచ్ ఆఫ్ ది డే' కుర్చీ దొరికింది 1999లో. మధ్యలో ఐదేళ్లు. అంత పేరున్నవాడు కూడా శనివారం మధ్యాహ్నం వచ్చే 'ఫుట్‌బాల్ ఫోకస్' చేశాడు, క్విజ్ ప్రోగ్రాంలో కూర్చుని తన మీద వేసిన జోకులకు నవ్వాడు. నిన్ను వాళ్లు ముందుగా స్కోర్లు చదవమంటారు, గ్రౌండ్ బయట అభిమానుల మధ్య నిలబెడతారు. ముఖం మాడ్చుకోకు. జిల్లా ఆటగాడివని నీకు తెలుసు, కెమెరాకు తెలియదు.

ఇప్పుడు పని సంగతి.

చెవిలో ఇయర్‌పీస్ పెడతారు. నువ్వు ఇక్కడ గెస్ట్‌తో మాట్లాడుతుంటే, లోపలి నుంచి ప్రొడ్యూసర్ "బ్రేక్‌కు ముప్పై సెకన్లు... ఇరవై... క్లిప్ రెడీ కాలేదు, లాగు" అని అరుస్తుంటాడు. మొదటిరోజు నాకు గుడిగంటల మధ్య పెళ్లిమంత్రం విన్నట్టుండేది. దీనికి ఇంట్లోనే సాధన ఉంది. ఒక చెవిలో రేడియో వార్తలు పెట్టుకుని, పేపర్లో ఇంకో వార్త పైకి చదువు. వారం రోజులు నాలుక మడతపడుతుంది. ఆ తర్వాత చెవి ఒక దారి, నోరు ఒక దారి పట్టుకుంటాయి. గడియారం ముందు పెట్టుకుని ముప్పై సెకన్లలో ఎన్ని మాటలు పడతాయో లెక్కపెట్టుకో. నాకు యాభై దాకా పట్టేవి. నీకు ఇంకా ఎక్కువే పడతాయి, నువ్వు వడివడిగా మాట్లాడతావు. అది తగ్గించు.

"ఎలా ఫీలవుతున్నారు?" అని ఎవర్నీ అడగొద్దు. గెలిచినవాడు బాగుందంటాడు, ఓడినవాడు బాధగా ఉందంటాడు, అక్కడితో సరి. నువ్వు ఆడినవాడివి కాబట్టి నీకొచ్చే ప్రశ్న వేరే ఉంటుంది. "ఆ కార్నర్‌కు దగ్గరి పోస్ట్ వదిలి వెనక్కెందుకు పోయావు?" అని అడిగి నోరు మూసుకో. వాడు ఆలోచిస్తాడు, మూడు నాలుగు సెకన్లు చప్పుడుండదు. ఆ నాలుగు సెకన్లు యాంకర్‌కు నరకం. ఆగు. అసలు జవాబు ఆ తర్వాతే వస్తుంది. నీ ఆట తెలివి ప్రశ్నలో కనబడాలి, "నేను యూనివర్సిటీకి ఆడినప్పుడు" అనే కథలో కాదు. ఆ కథ మొత్తం సీజన్‌కు ఒక్కసారి చెప్పుకో, ఏమనను.

మైక్‌లో మాట్లాడటం అంటే గొంతు పెంచడం అనుకుంటారు చాలామంది. గోల్ పడగానే గోల చేస్తారు. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ల కోసం మైక్‌లో చెప్పేవాళ్లను ఎప్పుడైనా శ్రద్ధగా విన్నావా? చుట్టూ లక్షల జనం, డప్పులు, శివసత్తుల ఊగులాట. అతను అరవడు. పేరు, ఊరు, ఏ రంగు బట్టలు, ఎక్కడికి రావాలి. ఆగి, మళ్లీ అదే. ఎక్కడో చెట్టు కింద ఉన్న తల్లికి ఆ పేరు వినబడుతుంది. నాకు మైక్ నేర్పిన గురువులు ఎవరంటే, ఆకాశవాణి వరంగల్ కేంద్రంలో రికార్డింగులకు పోయినప్పుడు చూసినవాళ్ల కన్నా ముందు వీళ్లనే చెప్తాను.

యాస గురించి అడిగావు. మన వరంగల్ మాట దాచుకోవాలా అని. అక్కర్లేదు. మాట చివర మింగకుండా చెప్పు, చాలు. యాసను అమ్ముకోవద్దు కూడా. నవ్వించడానికని లేని "గిట్ల, గట్ల" తెచ్చిపెట్టుకుంటే మనవాళ్లకే మొదట రోత పుడుతుంది. ఆఫ్‌సైడ్‌ను ఆఫ్‌సైడ్ అనే అను, పిల్లలు గ్రౌండ్‌లో అదే అంటారు. పేర్లు మాత్రం తప్పు పలకొద్దు. మణిపూర్ కుర్రవాడి పేరైనా, మిజోరం కుర్రవాడి పేరైనా వాళ్లనే అడిగి తెలుగులో రాసి పెట్టుకో. మనవాళ్ల పేర్లను ఉత్తరాది కామెంటేటర్లు విరిచేస్తుంటే ఎంత మండేది మనకు!

చదువుకో కాస్త. రహీం సాబ్ గురించి నిన్ను అడిగితే 'పెద్ద కోచ్' అని ఊరుకున్నావు. హైదరాబాద్‌లో టీచర్ ఆయన. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానం దాకా తీసుకుపోయాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. ఆ రెండు జట్లలోనూ మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు. తెలుగులో ఫుట్‌బాల్ ప్రోగ్రాం చేస్తూ ఈ సంగతులు నోటికి రాకపోతే ఎట్లా? వర్షం వచ్చి మ్యాచ్ ఆగితే నీకు పనికొచ్చేవి ఇవే.

పైసల సంగతి. నేను చేసిన ఛానల్ ఎనిమిది నెలలు డబ్బులివ్వలేదు. ఈ వారం, వచ్చే వారం అంటూ తిప్పారు. కాగితం మీద ఏమీ లేదు, ఎవర్ని అడగాలి? నువ్వు కాగితం అడుగు. ఎపిసోడ్‌కు ఎంత, ఎప్పుడిస్తారు, ప్రయాణం ఖర్చు ఎవరిది, మధ్యలో ఆపేస్తే ఏంటి. అడిగితే ఏమనుకుంటారో అని సిగ్గుపడకు. లినేకర్ కన్నా ముందు అదే కుర్చీలో కూర్చున్న జిమ్మీ హిల్ కూడా ఆటగాడే. ఇంగ్లండ్‌లో ఆటగాడికి వారానికి 20 పౌండ్లు మించి ఇవ్వకూడదని రూలుండేది. ఆటగాళ్ల సంఘానికి పెద్దగా ఉండి కొట్లాడి 1961లో దాన్ని తీసేయించాడు. టీవీకి వచ్చింది ఆ తర్వాతే. బ్యాంకు పరీక్షల పుస్తకాలు కూడా అమ్మేయకు. బావ ముందు ఈ మాట నేను అన్నానని చెప్పొద్దు, ఎగిరి గంతేస్తాడు.

ఫోన్ జాగ్రత్త. 2023 మార్చిలో లినేకర్ బ్రిటన్ ప్రభుత్వ శరణార్థుల విధానం మీద ట్వీట్ చేశాడు, వాళ్లు వాడే భాషను 1930ల జర్మనీతో పోల్చాడు. బీబీసీ పక్కన పెట్టింది. అప్పుడేమైందో తెలుసా? ఆయన పక్కన కూర్చునే ఇయాన్ రైట్, అలన్ షియరర్ మేమూ రామన్నారు. కామెంటేటర్లూ రాలేదు. ఆ శనివారం ప్రోగ్రాం యాంకర్ లేకుండా, కామెంటరీ లేకుండా ఇరవై నిమిషాల్లో ముగిసింది. తర్వాతి వారం ఆయన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి పక్కవాళ్లకు బాల్ అందించాడు కాబట్టే అలా నిలబడ్డారని నాకనిపించింది. రెండేళ్లు దాటాక 2025లో జియోనిజం మీద ఒక పోస్టు షేర్ చేశాడు, దాని మీద ఎలుక బొమ్మ ఉంది. యూదులను అవమానించే పాత గుర్తు అది. చూసుకోలేదన్నాడు, తీసేశాడు, క్షమాపణ చెప్పాడు. 2026 వరల్డ్ కప్ దాకా ఉండాల్సినవాడు ఆ మే నెలలోనే బీబీసీ వదిలేశాడు. మొదటిది తాను నమ్మి అన్న మాట. రెండోది సరిగా చూడకుండా వేలు పెట్టిన పని. నమ్మినదాని కోసం ఉద్యోగం పోతే నేను నీ పక్కన ఉంటాను. చూడకుండా ఫార్వర్డ్ చేసి పోగొట్టుకుంటే తిడతాను.

ఈ వారం ఒక పని చెయ్యి. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన ఫైనల్ దొరుకుతుంది, సౌండ్ తీసేసి పెట్టుకో. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్, తర్వాత పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన మూడు కిక్కులు. వాటికి నీ గొంతుతో చెప్పి ఫోన్లో రికార్డ్ చేసుకో. మర్నాడు విను. నీ గొంతు నీకే నచ్చదు, అది అందరికీ ఉండేదే. కట్టిమణి గాల్లో ఉన్నప్పుడు నువ్వు మాట్లాడుతున్నావా, ఆగావా అని మాత్రం చూసుకో. అది నాకు వాట్సాప్‌లో పంపు. బాగుందని అబద్ధం చెప్పను.

స్క్రీన్ టెస్ట్ పద్దెనిమిదో తారీఖు అన్నావు. దానికి ముందు ఆదివారం కాజీపేటలో పిల్లల టోర్నమెంటు ఉంది. మైక్ నాకే ఇస్తారు, రెండు మ్యాచ్‌లు నువ్వు చెప్పు. పైసలేం రావు, చాయ్, మిర్చి బజ్జీలు. పిల్లల పేర్లు ముందే కాగితం మీద రాసుకో, ఒక టీంలో ముగ్గురు సాయిలు ఉన్నారు. మోకాలి పట్టీ మర్చిపోకు, గ్రౌండ్ ఒక పక్క గుంటలు పడింది. మీ అత్త సకినాలు డబ్బాలో పెట్టింది, పోయేటప్పుడు అక్కకు తీసుకుపో.

మీ మామ