మూడు మతాల గుడిలో కొబ్బరికాయ కొట్టొచ్చా?

ప్రశ్న: మా అత్తగారితో మలేసియా వెళ్తున్నాం. మలక్కాలో బౌద్ధం, తావో, కన్ఫ్యూషియస్ బోధ మూడూ కలిసిన చైనా గుడి ఉందట. ఆవిడ కొబ్బరికాయ, కర్పూరం సర్దేస్తున్నారు. పట్టుకెళ్లొచ్చా? లోపల పద్ధతులేంటి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: రెండూ ఇంట్లోనే ఉంచమనండి. కర్పూరం మండే పదార్థం, విమానంలో పనికిరాదు. మీరు చెప్పే ఆ గుడి పేరు చెంగ్ హూన్ టెంగ్, అక్కడ కాయ కొట్టే ఆచారమూ లేదు.

పదిహేడో శతాబ్దపు గుడి ఇది. మూడు మతాలకు మూడు మందిరాలు ఉంటాయని వెతక్కండి. నడిమి పీఠం మీద గ్వాన్‌యిన్ ఉంటుంది. మన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడే చైనాలో అమ్మవారయ్యాడు, అది బౌద్ధం. పడవలను కాచే మాజూ, వీరుడు గ్వాన్‌ దీ తావో వైపువాళ్లు. మాజూ అంటే మన జాలర్లకు గంగమ్మలాగే. కన్ఫ్యూషియస్ వాటా వెనకాల ఉంది: పోయిన పెద్దల పేర్లు రాసిన పలకలు. చాలామంది ముందు హాలు చూసి అటునుంచటే వెళ్లిపోతారు, మీరు వెనక్కీ వెళ్లండి.

ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు ద్వారంలోంచి లోపలికి, ఎడమవైపు దాంట్లోంచి బయటికి. గడప తొక్కకూడదు, దాటాలి. ఇది మనవాళ్లకు చెప్పక్కర్లేదు. చెప్పులు మాత్రం ముందు వాకిట్లో విప్పేయకండి, ఎండకు రాతి పలకలు కాలిపోతుంటాయి.

అగరుబత్తీలు మూడు చాలు. మంట లేస్తే నోటితో ఊదకండి, చేత్తో విసరండి. రెండు చేతులా నుదుటి ఎత్తున పట్టుకుని మూడుసార్లు వంగి, ధూపపాత్ర బూడిదలో నిటారుగా గుచ్చాలి. చేయి కాలేది ఇక్కడే. ముందే గుచ్చినవాటి నుంచి వేడి బూడిద ముంజేతి మీద రాలుతుంది. చేయి పక్కనుంచి పోనివ్వాలి, కొంగు ముందే దోపుకోవాలి. నైవేద్యానికి నారింజలు బాగుంటాయి. గ్వాన్‌యిన్ ముందు మాంసం పెట్టరు.

కాయ కొట్టాల్సిందే అంటే అదే వీధిలో 1781 నాటి వినాయకుడి గుడి ఉంది. కాయ అక్కడే కొనుక్కోండి. దాని పక్కనే కంపుంగ్ క్లింగ్ మసీదు. ‘క్లింగ్’ అన్న మాట మన కళింగం నుంచి వెళ్లిందే. అయితే ఇప్పుడక్కడ భారతీయులను ఆ పేరుతో పిలవడం తిట్టుతో సమానం, సరదాకి కూడా అనకండి.

ప్రశ్న: చైనా గుళ్లలో నెలవంక చెక్కలు విసిరి, పుల్లలు ఊపి ప్రశ్న అడుగుతారు. ఎలా చూడాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చెక్కకు ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. జంటను దోసిట్లో పట్టుకుని, ప్రశ్న మనసులో అనుకుని నేల మీదికి వదలాలి. ఒకటి చదును పైకి, ఒకటి ఉబ్బు పైకి పడితే ‘అవును’. రెండూ ఉబ్బు పైకి పడితే ‘కాదు’. రెండూ చదును పైకి పడితే దేవుడు నవ్వాడంటారు, ప్రశ్నే తేటగా లేదని.

అంకెలు వేసిన పుల్లలుండే గొట్టాన్ని నిటారుగా పట్టి గట్టిగా ఊపితే నాలుగైదు ఒకేసారి రాలిపోతాయి, అవి చెల్లవు. కాస్త ముందుకు వంచి, ఒకే లయలో మెల్లగా ఊపుతుంటే ఒక్కటే జరిగి పడుతుంది. దాని అంకె చూసి, అదేనా అని చెక్కలతో మళ్లీ అడిగి, ‘అవును’ వస్తేనే ఆ అంకెకు జవాబు రాసి ఉన్న చీటీ తీసుకోవాలి. చీటీ చాలాచోట్ల చైనా భాషలోనే ఉంటుంది, చదివి చెప్పేవాళ్లెవరైనా ఉన్నారేమో ముందే అడగండి.