జర్మనీలో పిల్లల్ని ఫుట్‌బాల్ క్లబ్‌లో చేర్చాలనుకునేవాళ్లకు

"మా బాబుకి ఎనిమిదేళ్లు. జర్మనీ వచ్చి కొన్ని నెలలే అయింది. మంచి ఫుట్‌బాల్ కోచింగ్ ఎక్కడుంది, ఫీజు ఎంత?" కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే సందేహాల్లో ఇదొకటి. ముందు ఫీజు సంగతి చెప్పేస్తాను. చిన్న ఊళ్లలో వంద యూరోలకు అటూ ఇటూ, పెద్ద నగరాల్లో రెండు వందలు దాటొచ్చు. అదీ నెలకి కాదు, ఏడాది మొత్తానికి. హైదరాబాద్‌లో నెలనెలా అకాడమీకి కట్టి వచ్చినవాళ్లు ఈ మాట వినగానే "ఇందులో ఏదో మతలబు ఉంది" అనుకుంటారు. ఉంది కూడా.

ఇక్కడ క్లబ్ అంటే ఫెరైన్, అంటే రిజిస్టరైన సంఘం. దానికి యజమాని ఉండడు. మీరు కట్టేది సభ్యత్వ రుసుము. మీవాడికి ఆట నేర్పే ట్రైనర్ చాలావరకు ఆ టీమ్‌లోనే ఆడే ఇంకో పిల్లాడి నాన్నో అమ్మో అయి ఉంటారు. పగలంతా ఆఫీసులోనో ఫ్యాక్టరీలోనో పనిచేసి, సాయంత్రం ఐదింటికి బంతుల సంచి భుజాన వేసుకుని వస్తారు. వాళ్లకి ముట్టేది ఏమైనా ఉంటే పెట్రోలు ఖర్చుకి సరిపోతుంది, అంతే. కాబట్టి అమ్మానాన్నలు కూడా చేయి వేస్తేనే క్లబ్ నడుస్తుంది. టోర్నమెంట్ రోజు కాఫీ, కేకుల కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడటం, టీమ్ జెర్సీల సంచి వంతులవారీగా ఇంటికి తెచ్చి ఉతకడం, వేరే ఊళ్లో మ్యాచ్ ఉంటే ఇంకో ఇద్దరు పిల్లల్ని మీ కారులో తీసుకెళ్లడం, ఇవన్నీ ఆ తక్కువ రుసుములో కలిసే ఉన్నాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకి, ఎత్తు 150 సెంటీమీటర్లు దాటకపోతే, కారులో చైల్డ్ సీట్ తప్పనిసరి. పక్కింటి పిల్లాణ్ణి ఎక్కించుకున్నా ఇదే రూలు.

మనవాళ్లలో చాలామంది పిల్లాణ్ణి గ్రౌండ్ గేటు దగ్గర దింపి, గంటన్నర తర్వాత వచ్చి తీసుకెళ్తారు. ఎవరూ ఏమీ అనరు. కానీ రెండేళ్లయినా మీ పేరు ఎవరికీ తెలియదు. జర్మన్ భాష రాకపోవడం ఇందుకు అడ్డు కాదు, మైదానంలో చిన్న గోల్‌పోస్టులు మోయడానికి ఏ భాషైనా చాలు.

చేర్చే పద్ధతి తేలికే. మీ పేటలోని క్లబ్ వెబ్‌సైట్‌లో పిల్లల విభాగం ట్రైనర్ ఈమెయిల్ ఉంటుంది. పిల్లాడు పుట్టిన సంవత్సరం రాసి, ప్రోబెట్రైనింగ్‌కి, అంటే ట్రయల్‌కి, రావచ్చా అని అడగండి. రెండు మూడు సార్లు ఊరికే ఆడనిస్తారు, నచ్చితే ఫారం నింపుతారు. పెద్ద నగరాల్లో మాత్రం ట్రైనర్లూ మైదానాలూ చాలక వెయిటింగ్ లిస్టులు పొడుగ్గా ఉంటాయి. అక్కడ పనిచేసే ఉపాయం ఒకటుంది. "అసిస్టెంట్‌గా నేను వారానికి ఒకరోజు రాగలను" అని ఈమెయిల్‌లోనే రాయండి. ఆట పెద్దగా రాకపోయినా పర్లేదు, చిన్నపిల్లల షూ లేసులు కట్టేవాళ్లు కూడా కావాలి వాళ్లకి. ఇందుకు పోలీసు రికార్డు సర్టిఫికెట్ అడుగుతారు. పిల్లలతో పనిచేసే ఎవరినైనా అడిగేదే, అనుమానించారని బాధపడక్కర్లేదు.

టీమ్‌లు పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటాయి, లెక్క జనవరి 1 నుంచి. స్కూల్ కటాఫ్ వేరు కాబట్టి ఒకే క్లాసులో ఉన్న స్నేహితులు వేర్వేరు టీమ్‌లలో పడొచ్చు. డిసెంబరులో పుట్టిన పిల్లాడు తనకంటే దాదాపు ఏడాది పెద్దవాళ్లతో ఆడాల్సి వస్తుంది. మీవాడు వెనకబడ్డాడని కంగారుపడే ముందు పుట్టినరోజులు ఓసారి చూడండి. ఏడేళ్ల లోపువాళ్లని బంబీని అంటారు, తొమ్మిది లోపు ఎఫ్ (F), పదకొండు లోపు ఈ (E). సీజన్ జూలై 1న మొదలవుతుంది.

మ్యాచ్ చూడటానికి వెళ్లిన మొదటిరోజు చాలామంది తెలుగు నాన్నలు నిరుత్సాహపడతారు. పదకొండు మంది ఉండరు, పెద్ద గోల్ ఉండదు, పాయింట్ల పట్టిక ఉండదు. 2024-25 సీజన్ నుంచి జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య డీఎఫ్‌బీ చిన్నపిల్లలకి కొత్త పద్ధతిని దేశమంతా తప్పనిసరి చేసింది. బంబీనిలు ఇద్దరిద్దరు లేదా ముగ్గురు ముగ్గురు ఆడతారు, నాలుగు చిన్న గోల్స్ పెట్టి. ఎఫ్‌లో ముగ్గురు లేదా ఐదుగురు, ఈ-లో ఐదుగురు లేదా ఏడుగురు. ఒకే ఉదయం చాలా టీమ్‌లు కలిసి చిన్న చిన్న ఆటలు ఆడతాయి. గెలిచిన టీమ్ వరుసలో ఒక మైదానం పైకి, ఓడింది ఒకటి కిందికి జరుగుతుంది. దాంతో కాసేపటికి సమాన బలం ఉన్నవాళ్లే ఎదురెదురవుతారు. బెంచీ మీద కూర్చునే పిల్లాడంటూ దాదాపు ఉండడు, బంతి అందరి కాలికీ తగులుతుంది. జర్మన్లలోనే దీన్ని తిట్టినవాళ్లున్నారు. పేరున్న క్లబ్ బొరుస్సియా డోర్ట్‌మండ్‌కి అప్పట్లో సీఈఓగా ఉన్న హాన్స్-యోఆఖిమ్ వాట్స్కే 2023లో బాహాటంగానే విమర్శించారు, గెలుపోటములు తెలియకుండా పెరిగితే ఎలా అన్నది విమర్శకుల వాదన. నా మటుకు ఏడేళ్లవాడికి ఇదే మేలనిపిస్తుంది. స్కోరు ఎవరూ రాయకపోయినా, ఎన్ని గోల్స్ పడ్డాయో ఇంటికెళ్లేదాకా పిల్లలే చెబుతారు.

ఇక మన గొంతు సంగతి. చిన్నపిల్లల ఆటల్లో చాలాచోట్ల రిఫరీ ఉండడు, ఫౌల్ అయిందో లేదో పిల్లలే తేల్చుకుంటారు. అమ్మానాన్నలు మైదానానికి పదిహేను మీటర్ల దూరంలో నిలబడాలి. అక్కడినుంచి "ఒరేయ్, ఇటు పాస్ ఇవ్వరా!" అని తెలుగులో అరిస్తే ఎవరికీ అర్థం కాదనుకోకండి, ట్రైనర్‌కి మీ గొంతులోని టెన్షన్ అర్థమవుతుంది. చప్పట్లు కొట్టండి, సలహాలు ఇంట్లోనూ వద్దు.

సామాను ఎక్కువ కొనక్కర్లేదు. పిక్కల ముందు పెట్టుకునే షిన్ గార్డులు లేకుండా ఆడనివ్వరు. బూట్లు మాత్రం మైదానాన్ని బట్టి. ఇప్పుడు చాలా క్లబ్బుల్లో కృత్రిమ గడ్డి ఉంది, దానికి పొట్టి రబ్బరు పళ్లున్నవి సరిపోతాయి. చలికాలం హాల్లో ఆడిస్తారు, నేలమీద మరకలు పడని అడుగున్న వేరే బూట్లు కావాలి. వాన పడుతోందని ప్రాక్టీస్ ఆగదు. పిడుగులు పడితే ఆగుతుంది. రాలేకపోతే ముందే గ్రూప్‌లో చెప్పాలి, చెప్పకుండా మానేయడాన్ని ఇక్కడ మొరటుతనంగా చూస్తారు.

శాకాహారులకో మాట. ఆట అయ్యాక పిల్లలకి పంచే గమ్మీ మిఠాయిల్లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, ఎక్కువగా పందిది. తినకూడదనుకుంటే ట్రైనర్‌కి ముందే చెప్పండి, పిల్లాడి జేబులో వేరేది పెట్టండి. కేకులు తెమ్మన్నప్పుడు సమోసాలు తీసుకెళ్లినా ఎవరూ కాదనరు. ఇంకొకటి, మ్యాచ్ ఫోటోల్లో పక్కపిల్లలు కనిపిస్తుంటే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఈ విషయంలో ఇక్కడి తల్లిదండ్రులు చాలా పట్టుదలగా ఉంటారు.

పదేళ్లు నిండిన పిల్లలతో వచ్చినవాళ్లు కాగితాల పని తొందరగా మొదలుపెట్టాలి. మ్యాచ్‌లు ఆడాలంటే ఆటగాడి అనుమతి పత్రం కావాలి. ఆ వయసు దాటి విదేశం నుంచి వచ్చినవాళ్ల విషయంలో పాత దేశపు సమాఖ్య నుంచి క్లియరెన్స్ అడుగుతారు. భారత్‌లో ఏ క్లబ్‌లోనూ ఆడకపోయినా అడుగుతారు. చిన్న వయసు ఆటగాళ్లను బేరం పెట్టి దేశాలు దాటించకుండా ఫిఫా పెట్టిన నియమాల వల్ల, మీరు ఉద్యోగం కోసమే వచ్చారని చూపించాల్సి వస్తుంది. పాస్‌పోర్టులు, రెసిడెన్స్ పర్మిట్ కార్డులు, ఉద్యోగ ఒప్పందం, అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం స్కాన్ చేసి ఉంచుకోండి. అనుమతికి వారాలు పట్టొచ్చు. ఈలోగా ప్రాక్టీస్‌కి మాత్రమే వెళ్లొచ్చని, మ్యాచ్‌లు ఆడనివ్వరని పిల్లాడికి ముందే చెప్పండి, లేకపోతే మొదటి శనివారమే ఏడుపు.

సభ్యత్వం దానంతటదే ఆగిపోదు. ఫోన్ కాంట్రాక్టులాగే రాతపూర్వకంగా క్యుండిగుంగ్, అంటే రద్దు లేఖ, పంపాలి, గడువు ఎక్కువగా జూన్ 30 లేదా డిసెంబరు 31. కొన్ని క్లబ్బుల్లో ఆ లేఖ గడువుకి ఆరు వారాల ముందే వాళ్లకి అందాలి. ఊరు మారుతున్నా, ఇండియా తిరిగి వెళ్తున్నా, ఫ్లాట్ ఖాళీ చేసే నోటీసుతో పాటే ఇదీ పంపేయండి.