కొలరాడోలో మైనింగ్ ఎం.ఎస్.: చదువు గోల్డెన్‌లో, ఉద్యోగం నెవాడాలో?

ప్రశ్న: మా అమ్మాయి కొత్తగూడెంలో మైనింగ్ బీటెక్ చివరి ఏడాదిలో ఉంది. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో ఎం.ఎస్. చేస్తానంటోంది. అక్కడ ఉద్యోగాలుంటాయా? ఆ కొండల్లో, చలిలో ఉండగలదా?

జవాబు: కాలేజీ ఎంపికలో మీ అమ్మాయి పొరబడలేదు. డెన్వర్ పక్కన గోల్డెన్‌లో 1874లో మొదలైన ఈ సంస్థకు ఐడహో స్ప్రింగ్స్‌లో ఎడ్గర్ అనే సొంత శిక్షణ గని ఉంది. బొగ్గు గనిలో పైకప్పు పొరలు పొరలుగా ఊడుతుంది. ఎడ్గర్‌లోని నైస్ అనే గట్టి రాయి అలా కాదు, బీటల మధ్య దిమ్మెలుగా జారుతుంది. పైకప్పు కూలకుండా సపోర్టు వేసే లెక్కే మారిపోతుంది కాబట్టి రాక్ మెకానిక్స్ (ఒత్తిడికి రాయి ఎలా తట్టుకుంటుందో, ఎలా విరుగుతుందో చెప్పే శాస్త్రం) ఇప్పుడే గట్టిగా చదవమనండి.

ఉద్యోగాల సంగతి మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. హెండర్సన్, క్లైమాక్స్ మాలిబ్డినం (ఉక్కును గట్టిపరచడానికి కలిపే లోహం) గనులు, క్రిపుల్ క్రీక్ బంగారు గని ఆ రాష్ట్రంలోవే. అయినా వాటినే నమ్ముకోవద్దు. బంగారానికి నెవాడా, రాగికి ఆరిజోనా పెద్ద రాష్ట్రాలు. మొదటి సెమిస్టర్ నుంచే అక్కడి ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తు చేయాలి. గనులు కాక వేరే ఉద్యోగం చూద్దామంటే, కొలరాడోలో ఏరోస్పేస్ (విమాన, అంతరిక్ష) కంపెనీలు చాలానే ఉన్నా, రక్షణ పనులున్న చోట ఎక్కువగా అమెరికా పౌరులనే తీసుకుంటారు. గనిలో కొత్తగా చేరేవారికి భూగర్భమైతే 40 గంటలు, ఓపెన్‌కాస్ట్ అయితే 24 గంటల భద్రతా శిక్షణ తప్పనిసరి.

చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసేందుకు ఇచ్చే తాత్కాలిక అనుమతి, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు గనుక మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు, కానీ యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి. సెలవుల్లో స్కీ రిసార్టులో చేతికి డబ్బిచ్చే పని దొరికినా ఒప్పుకోవద్దనండి, ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదాకే ముప్పు.

చలికంటే ముందు ఎత్తు ఇబ్బంది పెడుతుంది. గోల్డెన్ దాదాపు 5,700 అడుగుల మీద ఉంది, గాలి బాగా పొడి. మొదటి వారం నీళ్లు ఎక్కువ తాగాలి, బరువైన వ్యాయామం వద్దు. వెళ్లగానే స్నేహితులతో 14,000 అడుగుల శిఖరం ఎక్కితే తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. అవి మొదలైతే ఆగి ఓర్చుకోవడం కాదు, కిందికి దిగిపోవాలి. వేసవిలో మధ్యాహ్నం పిడుగులు పడతాయి, చెట్లు లేని ఎత్తుల నుంచి పగలు పన్నెండు కాకముందే దిగాలి. కారు కొంటే టైర్లు ముందు చూడాలి: సెప్టెంబరు నుంచి మే దాకా ఐ-70 హైవే కొండదారిలో మంచుకు తగ్గ టైర్లు గానీ చైన్లు గానీ ఉండాలని చట్టం.