ఆపరేషన్ అయ్యాక నిరోధ్ ఎందుకు?

ప్రశ్న: మాది బరంపురం దగ్గర పల్లె. మావారు సూరత్‌లో మగ్గాల మిల్లులో పని చేస్తారు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మూత్రంలో మంట అంటూ మందుల దుకాణంలో మాత్రలు కొని వేసుకున్నారు. తగ్గిందన్నారు. కొన్నాళ్లుగా నాకు తెల్లబట్ట వాసనతో అవుతోంది, పొత్తికడుపు నొప్పిగా ఉంది. ఆశా కార్యకర్త ఇచ్చిన నిరోధ్ చూపిస్తే, "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందిగా, నన్ను అనుమానిస్తున్నావా?" అని కోప్పడ్డారు. ఏమి చేయాలి?
– ఒక సోదరి, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ ఆరోగ్యం సంగతి. తెల్లబట్టతో పాటు పొత్తికడుపు నొప్పి ఉంటే ఆలస్యం చేయకూడదు. రేపే ఆసుపత్రికి బయలుదేరండి. జ్వరం వచ్చినా, నెలసరి తప్పినా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. గనేరియా, క్లమీడియా వంటి లైంగిక వ్యాధులు ఆడవాళ్లలో చాలాసార్లు పైకి కనిపించకుండానే గర్భసంచి దాకా పాకుతాయి. సరైన మందుతో నయమవుతాయి. అయితే తెల్లబట్ట అన్నిసార్లూ భర్త వల్లే రాదు. పరీక్ష కాకముందే ఆయనను దోషిని చేయవద్దు.

ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బులకు సురక్షా క్లినిక్‌లు ఉంటాయి, మందులు ఉచితం. ఒడియాలో చెప్పడానికి నోరు రాకపోతే తెలుగులోనే చెప్పండి. బరంపురంలో తెలుగు తెలిసినవారికి కొదవ లేదు.

దుకాణం మాత్రలతో మంట తగ్గినా క్రిమి మిగిలిపోవచ్చు. అది లైంగిక వ్యాధేనని తేలితే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. మీరొక్కరే వాడితే మళ్లీ ఆయన నుంచి మీకు అంటుకుంటుంది. వైద్యం ముగిశాక కూడా డాక్టరు చెప్పిన గడువు దాకా కలయిక వద్దు.

ఇక ఆపరేషన్. అది గర్భాన్ని ఆపుతుంది, జబ్బును ఆపదు. ఆ పని చేసేది నిరోధే. సిఫిలిస్, హెర్పిస్ చర్మం తగిలినా అంటుకోగలవు కనుక వాటి నుంచి పూర్తి రక్షణ ఉండదు, ప్రమాదం మాత్రం తగ్గుతుంది. కొబ్బరినూనె రాస్తే నిరోధ్ చిరుగుతుంది, రాయకండి.

మీవారితో "అనుమానం" అన్న మాటే ఎత్తకండి. "మందు అయ్యేదాకా ఇద్దరమూ జాగ్రత్తగా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది" అనండి. నా పేరు వాడుకోండి. అయినా కోప్పడితే, వద్దు అనే హక్కు మీకు ఉంది. భార్య అయినంత మాత్రాన ఆ హక్కు పోదు.

ఇద్దరూ హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోండి. మీ అనుమతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదని, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. ఈ మధ్యే సోకి ఉంటే మొదటి పరీక్షలో తెలియకపోవచ్చు, మూడు నెలలకు మళ్లీ చేయించాలి. అప్పటికి ఆయన సూరత్ వెళ్లిపోయి ఉంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేయించుకోవచ్చు. ఎక్కడికి వెళ్లాలో 1097 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా చెబుతారు.