సందులోంచి బైక్ పోనిస్తే యాక్సిడెంట్‌లో తప్పంతా బైక్ వాడిదేనా?

డౌట్: మియాపూర్ నుంచి కూకట్‌పల్లి వస్తుంటే ట్రాఫిక్ మెల్లగా పాకుతోంది సార్, కారుకీ బస్సుకీ మధ్య గ్యాప్‌లోంచి బైక్ మీద వెళ్తున్నా, కారాయన ఇండికేటర్ వేయకుండా సడన్‌గా ఎడమకి తిప్పాడు, పడి మణికట్టు విరిగింది. ఇప్పుడు ఆయనే "సందులో దూరింది నువ్వే, డోర్ రిపేర్‌కి 15 వేలు కట్టు" అంటున్నాడు, స్టేషన్‌లోనేమో కాంప్రమైజ్ అయిపొమ్మంటున్నారు. నాకేమైనా వస్తుందా?

జవాబు: ముందు ఆ డబ్బు కట్టకండి, కాంప్రమైజ్ కాగితం మీద సంతకం అసలే పెట్టకండి.

మన దగ్గర లేన్ల మధ్యలోంచి బైక్ పోవచ్చని ఏ రూలూ లేదు. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం గీతలున్న రోడ్డు మీద ఏ బండైనా తన లేన్‌లోనే పోవాలి, సిగ్నల్ ఇచ్చాకే మారాలి, తప్పితే మోటార్ వాహనాల చట్టం 177ఎ కింద 500 నుంచి 1000 దాకా ఫైన్. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు ఇక్కడ లీగలే అంటుంటారు, నిజమే, అది అక్కడి చట్టం.

కానీ అదే రూల్ కారాయనకీ ఉంది కదండీ! అద్దం చూడకుండా, ఇండికేటర్ లేకుండా తిప్పడం ఆయన నిర్లక్ష్యం. పైగా పరిహారం కేసులో రూల్ తప్పారా అన్నది ఒక్కటే చూడరు, ఆ తప్పు వల్ల యాక్సిడెంట్ అయిందా అని చూస్తారు. ఒకే బైక్ మీద ముగ్గురు వెళ్లిన మహమ్మద్ సిద్దిఖీ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ట్రిపుల్ రైడింగ్ తప్పే అయినా అదొక్కటే చూపించి పరిహారం కోయకూడదని. మీ విషయంలో మాత్రం సందులో ఉండటానికీ దెబ్బకీ సంబంధం ఉంది, దాచి లాభం లేదు, ట్రైబ్యునల్, అంటే పరిహారం కేసులు చూసే కోర్టు, మీ వాటా కింద కొంత తగ్గించొచ్చు. 4 లక్షలు లెక్కకొచ్చి మీ తప్పు 25 శాతం అన్నారనుకోండి, 3 లక్షలొస్తాయి. తప్పెవరిదో తేల్చాల్సిన పని లేకుండా అదే మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 164 కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే దారి కూడా ఉంది, కాకపోతే అది తీసుకుంటే సెక్షన్ 166 క్లెయిమ్, అంటే తప్పెవరిదో తేల్చి పూర్తి పరిహారం అడిగే పై దారి, పోతుంది, బిల్లులన్నీ లెక్కేసుకుని ఏదో ఒకటి ఎంచుకోండి.

ఎముక విరిగితే చట్టం దృష్టిలో తీవ్ర గాయమే, బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 125 బి కింద ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, కట్టకపోతే కంప్లైంట్ డీసీపీకి రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపండి. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) కాగితం, ఎక్స్‌రే తీసుకోండి, దగ్గర్లో షాపుల సీసీ ఫుటేజ్ ఈరోజే అడగండి, ఆలస్యమైతే చెరిగిపోతుంది. క్లెయిమ్ ఆరు నెలల్లోపు వేసేయండి.

ఇంకోటి, చట్టం ఒప్పుకోకపోయినా చెయ్యి నయమయ్యాక మళ్లీ సందుల్లో వెళ్తారని తెలుసు కాబట్టి చెప్తున్నా. బస్సు పక్కన ఎంత ఖాళీ కనిపించినా దూరకండి, డ్రైవర్‌కి మీరు కనిపించరు, వెనక టైర్ కింద పడ్డ పిల్లల ఫైళ్లు చూస్తే నాకు నిద్ర పట్టదు. కారు పక్కనైతే ఇండికేటర్ని నమ్మకుండా ముందు టైర్ ఎటు తిరుగుతోందో చూడండి. ట్రాఫిక్ కదలడం మొదలవగానే సందులోంచి బయటికొచ్చి ఏదో ఒక లేన్‌లో కలిసిపోండి.