రన్‌డీఎల్‌ఎల్ డిలీట్ చేసెయ్యనా?

ప్రశ్న: మాది పాలకొల్లు అండి, నాన్నగారి రొయ్యల మేత షాపులో బిల్లింగుకి విండోస్ 10 సిస్టం ఉంది. యాంటీవైరస్ ఈమధ్య ఏదో ఫైలు పట్టుకుని తీసేసింది, అప్పట్నుంచి ఆన్ చేసినప్పుడల్లా రన్‌డీఎల్‌ఎల్ అని చిన్న బాక్సొచ్చి ఏదో మాడ్యూల్ దొరకలేదంటోంది. తెలిసినాయనేమో రన్‌డీఎల్‌ఎల్32 అనేదే వైరస్, డిలీట్ చేసి పారెయ్ అంటున్నాడు. చెయ్యనా?

జవాబు: ఆయ్, ఆగండాగండి, దాని జోలికి మాత్రం వెళ్ళకండి! అది మైక్రోసాఫ్ట్ వాళ్ళదే, విండోస్ 95 రోజుల్నుంచీ ఉంది. డీఎల్‌ఎల్ అంటే నాలుగైదు ప్రోగ్రాములు పంచుకు వాడుకునే కోడ్, ఈఎక్స్‌ఈ అనే ప్రోగ్రాం ఫైల్లా డబుల్ క్లిక్ కొడితే దానంతటది నడవదు, ఎవరో ఒకరు దాన్ని లోడ్ చేసి లోపలున్న ఫంక్షన్‌ని పేరుపెట్టి పిలవాలి, ఆ పని చేసేదే రన్‌డీఎల్‌ఎల్32. నరసాపురం రేవులో పంటులాంటిదనుకోండి, ఎక్కినోడు దొంగైతే పంటుని ముంచేస్తామా?

కావాలంటే చూడండి, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి రన్‌డీఎల్‌ఎల్32 అని కొట్టి, ఒక స్పేసిచ్చి, యూజర్32 డాట్ డీఎల్‌ఎల్, కామా, లాక్‌వర్క్‌స్టేషన్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి, స్క్రీన్ లాక్ అయిపోద్ది. లాక్‌వర్క్‌స్టేషన్ కలిపే రాయాలి, ఎల్, డబ్ల్యూ, ఎస్ పెద్దక్షరాలే, లేదంటే దొరకలేదంటుంది. నిజానికి ఈ ఫంక్షన్ కూడా దీనికోసం రాసింది కాదు, ఏదో నడిచిపోతోందంతే, కనపడ్డ ఫంక్షనల్లా ఇలా పిలిస్తే క్రాష్ అవ్వొచ్చు.

ఇక మీ బాక్సు సంగతి. యాంటీవైరస్ డీఎల్‌ఎల్‌ని తీసింది గానీ, ఆన్ అవ్వగానే దాన్ని నడపమని చెప్పే లైను స్టార్టప్‌లో అలాగే వదిలేసినట్టుంది. ముందు ఫుల్ స్కాన్ ఒకటి పెట్టండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబుకెళ్ళి, పైనున్న కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి కమాండ్ లైన్ టిక్ పెడితే ఎవరు ఏ ఫైలుని పిలుస్తున్నారో కనపడిపోద్ది, మీ బాక్సులో పేరున్నదాన్ని డిజేబుల్ చెయ్యండి. అక్కడ లేకపోతే టాస్క్ షెడ్యూలర్‌లో, అంటే టైముకి పనులు వాటంతటవే నడిపే విండోస్ టూల్లో వెతకండి. అంతేగానీ ఆ దొరకని డీఎల్‌ఎల్‌ని నెట్‌లో ఎక్కడో దింపుకొచ్చి పెట్టకండి బాబూ, పోయిన వైరస్‌ని పిలిచి పీటేసినట్టే!

అసలు రన్‌డీఎల్‌ఎల్32 విండోస్ ఫోల్డర్లో సిస్టమ్32లో ఉంటుంది, 64 బిట్ సిస్టంలో సిస్‌వావ్64లో కూడా ఉంటుంది, రెండూ మంచివే. అదే పేరుతో డౌన్‌లోడ్స్‌లోనో టెంప్‌లోనో నడుస్తుంటే మాత్రం అనుమానించాల్సిందే. అన్నట్టు విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, బిల్లులుండే సిస్టం కదా, నాన్నగారితో ఆ మాట కూడా చెప్పండి.