ఊపిరితిత్తులు బాగానే ఉన్నా ఆ జీన్ టెస్ట్ ఎందుకంటే

వీర్యంలో శుక్రకణాలు సున్నా, శుక్రవాహికలు (వృషణాల నుంచి శుక్రకణాలను తెచ్చే గొట్టాలు) పుట్టుకతోనే లేవు, ఆయాసం దగ్గు లాంటివేమీ లేవు, అయినా డాక్టర్ సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే వంశపారంపర్య జబ్బు) జీన్ టెస్ట్ రాశారు, నా భార్యకూ చేయించమంటున్నారు, అవసరమా అని అడిగారు. అవసరమే. ముఖ్యంగా ఆమెకు.

నాదీ ఇదే కథ. మొదట చూసిన డాక్టర్ చేత్తో పరీక్షించకుండానే కౌంట్ పెరగడానికి మూడు నెలలు మాత్రలు వాడించారు. రెండో డాక్టర్ వృషణాల పైభాగం తడిమి చూసి, శుక్రవాహికలు రెండు వైపులా లేవని ఐదు నిమిషాల్లో చెప్పేశారు. నా రిపోర్టులో ఆ సూచనలు మొదటి నుంచీ ఉన్నాయి. వీర్యం ఒక మిల్లీలీటరు కూడా లేదు, ఆమ్ల గుణం ఉంది, ఫ్రక్టోజ్ అనే చక్కెర లేదు. వృషణాల సైజు, ఎఫ్‌ఎస్‌హెచ్ (శుక్రకణాల తయారీని నడిపే హార్మోన్) మామూలే. అంటే కణాలు తయారవుతున్నాయి, బయటికి వచ్చే దారే లేదు.

ఇక జీన్ సంగతి. సీఎఫ్‌టీఆర్ అనే ఈ జీన్ 7వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, 1989లో కనుక్కున్నారు. కణాల్లోంచి ఉప్పు, నీరు అటూ ఇటూ కదలడానికి కావాల్సిన ప్రొటీన్‌ను ఇదే తయారు చేయిస్తుంది. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి వస్తాయి. రెండూ బాగా దెబ్బతింటే సిస్టిక్ ఫైబ్రోసిస్ వస్తుంది. ఆ జబ్బున్న మగవాళ్లలో దాదాపు అందరికీ శుక్రవాహికలు ఉండవు. మనలాంటి వాళ్లలో చాలామందికి ఒక ప్రతి బాగా దెబ్బతిని, రెండోది కొంచెమే తేడాగా ఉంటుంది. ఆ కొంచెం పనితనం ఊపిరితిత్తులకు సరిపోతుంది గానీ, గర్భంలో శుక్రవాహికలు నిలబడటానికి చాలదు. నాకు ఒకటి ఎఫ్508డెల్ (బాగా దెబ్బతిన్న రకం), రెండోది 5టీ (కొంచెం తేడా ఉన్న రకం). అన్ని ల్యాబ్‌లూ 5టీ చూడవు, ముందే అడగండి.

మీ భార్య రిపోర్టు ఎందుకంటే, సూదితో శుక్రకణాలు తీసి ఇక్సీ (ల్యాబ్‌లో ఒక్కో శుక్రకణాన్ని అండంలోకి ఎక్కించడం) చేస్తే పిల్లలు పుట్టే అవకాశం మనకు బాగానే ఉంది. మన రెండు ప్రతుల్లో ఒకటి బిడ్డకు తప్పకుండా వెళ్తుంది. తనకు ఏ లక్షణమూ లేకుండానే ఆమెలోనూ ఒక దెబ్బతిన్న ప్రతి ఉంటే, బిడ్డకు అసలు జబ్బే రావచ్చు. ఆమెలోనూ ఎఫ్508డెల్ ఉండి ఉంటే మా బిడ్డకు ఆ ప్రమాదం నాలుగింట ఒక వంతు. అలా తేలినా దారి మూసుకుపోదు, పిండాలను పరీక్షించి ఎంచుకోవచ్చు. కానీ ఇక్సీకి ముందే తెలియాలి. ఆమె రిపోర్టు వచ్చేదాకా మూడు వారాలు మా ఇద్దరికీ నిద్ర లేదు, ఆ టెన్షన్ నాకు బాగా గుర్తుంది. అందులో ఏమీ కనిపించలేదు. ప్రమాదం పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది అని కౌన్సెలర్ చెప్పారు.

మీ జీన్ టెస్ట్‌లో ఏమీ దొరక్కపోతే కిడ్నీల స్కాన్ తప్పకుండా చేయించండి. ఇలాంటి వాళ్లలో కొందరికి ఒక కిడ్నీ ఉండదు. మీకు అన్నదమ్ములుంటే వాళ్లకూ చెప్పండి. అదే జత వాళ్లకూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మా తమ్ముడికి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది, అంత ఆలస్యం చేయాల్సింది కాదు.

ఇప్పుడు మా పాపకు నాలుగేళ్లు, ఆరోగ్యంగా ఉంది. నా రెండు ప్రతుల్లో ఒకటి తనలో ఉంది కాబట్టి నా రిపోర్టు భద్రంగా దాచాను. పెద్దయ్యాక తన చేతికే ఇస్తాను.